మైకు ముందు ప్రణతి

శాలువా కప్పుతుంటే నవతకు ఒళ్లు మండిపోయింది.

ఫిలింనగర్‌లో మహిళా దినోత్సవ సభ. డబ్బింగ్ కంపెనీ యజమాని త్రినాథరావు మైకు పట్టుకుని ఊగిపోతున్నారు.

"లాక్‌డౌన్‌లో ఒక్కరోజు సెలవడగలేదండీ మన నవత! ఇంట్లో బీరువానే స్టూడియో చేసుకుంది. అదండీ అమ్మంటే!"

అడగలేదా? మూడుసార్లు అడిగింది. "నువ్వు కాకపోతే ఇంకో పదిమంది ఉన్నారమ్మా" అన్న పెద్దమనిషి ఈయనే. చెప్పేవన్నీ శ్రీరంగనీతులే!

ఆ రోజుల్లో పడగ్గదిని మొగుడి ఆఫీసు మీటింగులకు రాసిచ్చేసినట్టే. బోరబండ నుంచి వచ్చే పనిమనిషికి దారి లేదు. వంట, అంట్లు, పిల్ల, అన్నీ నవత నెత్తినే. అవి ముగించి, హాల్లో బట్టల బీరువా ఖాళీ చేసి, లోపల బొంతలు వేలాడదీసి, అందులో దూరి కూర్చుని, ఓటీటీ సీరియల్లో తల్లి పాత్రకు గొంతిచ్చేది. బయట నాలుగేళ్ల ప్రణతి. మైకు పిల్ల ఏడుపునూ పట్టేస్తుంది. పట్టిందా, మళ్లీ మొదటినుంచి చెప్పాలి. అందుకని నవతే నేర్పింది, అమ్మ మైకు పెడితే నోటిమీద వేలు అని. ఒకరోజు పిల్ల పడి మోకాలు చెక్కుకుపోయింది. నెత్తురు కారుతున్నా కిక్కురుమనకుండా బీరువా పక్కనే గంటసేపు కూర్చుంది. ఆ గంటంతా లోపల నవత ఎవరి కూతుర్నో "బంగారుతల్లీ" అని పిలుస్తూనే ఉంది.

ఇప్పుడు ప్రణతికి ఆరేళ్లు. బడిలో పెదవి విప్పదు. ఇంట్లోనూ గుసగుసలే. పిల్ల ఒక్కసారి గొంతెత్తి అరిస్తే చాలని నవత మొక్కని దేవుడు లేడు.

"పాపా, ఇలా రామ్మా! అమ్మ గురించి రెండు ముక్కలు చెప్పు" అంటూ త్రినాథరావు మైకును పిల్ల మూతి దగ్గర పెట్టారు.

ప్రణతి మైకును చూసింది. అమ్మను చూసింది. నోటిమీద వేలు పెట్టుకుంది.

హాలంతా నవ్వింది. "ఎంత క్రమశిక్షణండీ!" అన్నారాయన. చప్పట్లు మోగాయి.

నవత శాలువా తీసి కుర్చీలో పడేసింది. మైకు లాక్కుంది.

"క్రమశిక్షణ కాదండీ. నా ఉద్యోగం నిలవడానికి నా పిల్ల నోరు నొక్కాను. నొక్కించింది మీరు. ఇప్పుడు చప్పట్లు కొట్టిస్తున్నదీ మీరే! మళ్లీ ఎవరైనా నన్ను ఆదర్శమాత అన్నారో, ఊరుకోను."

చప్పట్లు ఆగిపోయాయి. ఆమె మైకు కట్టేసి, కూతురి ముందు మోకాళ్లమీద కూర్చుంది.

"ఆపేశాను తల్లీ. ఇప్పుడు మాట్లాడు."

ప్రణతి ఆ మైకును అటూ ఇటూ తిప్పి చూసింది. అమ్మ చెవిలో గుసగుసగా అడిగింది.

"ఇప్పుడు ఏడవచ్చా, అమ్మా?"