తక్కువ మార్కులొస్తేనే పాసు

తొమ్మిదీ పదికి ఆమె రోజూలాగే మూడు పెన్సిళ్లు చెక్కింది. రికార్డర్‌లో బ్యాటరీ చూసుకుంది. కిటికీకి ఎదురుగా ఉన్న కుర్చీని గోడవైపు తిప్పింది. పిల్లలు కిటికీకి ఎదురుగా కూర్చుంటే సగం జవాబులు బయటికే చెబుతారు. ఇరవై ఆరేళ్లలో నేర్చుకున్న కిటుకుల్లో అదొకటి.

ఆమె డాక్టరు కాదు. ఆసుపత్రి వెనక భవనంలో, ఒకప్పుడు పాత మంచాలు పడేసిన గదిలో కూర్చుని, పదిహేను నుంచి పాతికేళ్ల లోపు పిల్లల్ని ప్రశ్నలు అడిగే పరిశోధకురాలు. నిద్ర పడుతోందా? ఇంట్లో ఎవరికైనా మనసు జబ్బు ఉండేదా? బడిలో ఎవరైనా ఏడిపించారా? ఎవరూ లేనప్పుడు మాటలు వినిపిస్తాయా? ఒక్కో జవాబుకూ సున్నా నుంచి ఆరు దాకా అంకె వేస్తుంది. మనసు పూర్తిగా చెదిరిపోకముందే, చెదరబోయే పిల్లల్ని గుర్తుపట్టాలన్నది ఆ పరిశోధన. నిప్పు అంటుకోకముందే పొగ వాసన పట్టడమన్నమాట. పెద్ద డాక్టర్ రాసే వ్యాసాల్లో ఆమె పేరు చిట్టచివర, కృతజ్ఞతల్లో వస్తుంది. అదీ ఒక్కోసారి అచ్చుతప్పుతో.

ఆ పిల్లలకూ పేర్లుండవు. నంబర్లే. ఈరోజు నాలుగింటికి ఎనభై ఏడో నంబరు రావాలి.

ఫారాల కట్ట పెద్ద డాక్టర్‌కి ఇవ్వడానికి లేచేసరికి వాన మొదలైంది. ఇంట్లో బయల్దేరినప్పుడు ఎండే. తలుపు వెనకాల ఒక నల్ల గొడుగు ఆరు నెలలుగా వేలాడుతోంది. ఎనభై ఏడు మరిచిపోయి వెళ్లినది. ఎలాగూ ఈరోజు ఇచ్చేయాలి, రెండు నిమిషాలు వాడుకుంటే తప్పేముంది అనుకుంది.

విప్పగానే బరువు తేడా తెలిసింది.

తల పైకెత్తి చూసింది. గుడ్డ కింద ఇంకో గుడ్డ. నల్లటిది, మందంగా. ఒక్కో ఊచకూ చుట్టి, అంచుల వెంట చేత్తో కుట్టారు. కుట్లు ఎంత చిన్నవంటే ఆమె కళ్లజోడు సర్దుకుని చూడాల్సి వచ్చింది. వందల కుట్లు. ఏ వానకూ ఇంత కుట్టుపని అక్కర్లేదు.

ఆమె వానలోనే నిలబడిపోయింది.

ఎనభై ఏడు పందొమ్మిదేళ్ల పిల్ల. బట్టల కార్ఖానాలో కుట్టుపని. బాగా నవ్వేది. "మేడమీద కిటికీల్లోంచి ఎవరో నన్నే చూస్తున్నట్టుంటుంది మేడమ్. ఉత్తిదేనని నాకు తెలుసులెండి" అంది. ఉత్తిదని తనకే తెలిస్తే రెండు. దాని కోసం బతుకు తీరు మార్చుకుంటే మూడు. అదీ రూలు. "దానివల్ల నీ అలవాట్లేమైనా మారాయా?" అని ఈమె అడిగింది. "అబ్బే" అంది పిల్ల. ఆ రోజూ వానే. కుర్చీ పక్కన గొడుగు నీళ్లోడుతోంది. వానరోజున గొడుగును ఎవరు అనుమానిస్తారు? రెండు వేసింది.

మూడు వస్తే అదే రోజు మేడమీదికి, డాక్టర్ గదికి పంపుతారు. వైద్యం మొదలవుతుంది. మూడు రాకపోతే ఆరు నెలల తర్వాత రమ్మని కార్డు ఇచ్చి పంపేస్తారు. ఎనభై ఏడుకు కార్డు ఇచ్చారు.

పెద్ద డాక్టర్ గొడుగును రెండు వైపులా తిప్పి చూశాడు.

"సరే, మూడే. కానీ పాత ఫారం దిద్దకూడదు. ఎలాగూ నాలుగింటికి వస్తుందిగా? కొత్తగా మూడు వేసి పంపండి. ఐదింటిదాకా ఉంటాను."

"ఇప్పుడే ఫోన్ చేసి పిలిపించనా డాక్టర్ గారూ?"

"గడువుకు ముందు ఫోన్ చేయకూడదు. మన కంగారు చూస్తే వాళ్ల జవాబులు మారిపోతాయి. ఆ రూలు రాసింది మీరే కదండీ!"

నిజమే. ఆమే రాసింది.

పదకొండింటికి తలుపు దగ్గరికి వేసి, తను రాసిన రూలును తనే తప్పి ఫోన్ చేసింది. స్విచ్ ఆఫ్. పదకొండున్నరకు. స్విచ్ ఆఫ్. పన్నెండుకు మళ్లీ అదే.

ఒంటిగంటకు ఫోన్ మోగితే ఎగిరిపడింది. అక్క. పెళ్లి మాట తేలకుండానే ఈమెకు యాభై నాలుగేళ్లు వచ్చాయి. అక్కకు భర్త పోయాడు. ఇద్దరూ రెండు గదుల ఇంట్లో ఒకరినొకరు సాధించుకుంటూ కాలక్షేపం చేస్తున్నారు.

"తిన్నావా?"

"ఇంకా లేదక్కా."

"ఏం వెలగబెడుతున్నావే అంతగా? పిల్లల్ని ప్రశ్నలడగడమేగా. పక్కింటి పంతులమ్మదీ అదే పని. ఆవిడకు వేసవి సెలవులైనా ఉన్నాయి."

"అక్కా, ఒక పిల్ల విషయంలో పొరపాటు చేశానేమోనే."

"దిద్దుకోవచ్చా?"

"నాలుగింటికి."

"అయితే ముందు తిను. ఖాళీ కడుపుతో ఏం దిద్దుతావ్?"

డబ్బా మూత తీసింది. మళ్లీ పెట్టేసింది.

రెండింటికి నూట నలభయ్యో నంబరు వచ్చాడు. పదహారేళ్ల పిల్లాడు, కొత్త మీసం. ప్రశ్నలన్నీ అయ్యాక ఫారంలో లేనిది ఒకటి అడిగింది. "గొడుగు ఎందుకు తెచ్చావు?"

వాడు తల తిప్పి కిటికీలోంచి వానను చూశాడు. ఆమెను చూశాడు. "వాన పడుతోంది కదా మేడమ్" అన్నాడు జాగ్రత్తగా, ఎదురుగా ఉన్న మనిషికే ఏదో అయినట్టు.

ఆమె ఆ గొడుగు కూడా విప్పి చూసింది. ఒక్కటే పొర.

వాడు బయట బెంచీ మీద కూర్చుంటే ఆయా కార్డు తెచ్చి ఇచ్చింది. "పాసయ్యావు పో! ఇక్కడ తక్కువ మార్కులొస్తేనే పాసు. మీ బడిలోనూ ఇలాగే ఉంటే ఎంత బావుండునో కదూ?" వాడు నవ్వాడు. ఆయా అందరితోనూ ఆ మాటే అంటుంది. పిల్లల భయం పోతుందని ఆమె కూడా ఏనాడూ వద్దనలేదు. ఆయా ఆమెకు పెట్టిన పేరు మార్కుల మేడమ్.

మూడున్నర. కొత్త ఫారం తీసి మీద 87 అని రాసింది. చెక్కిన పెన్సిలునే మళ్లీ చెక్కింది.

మూడూ యాభై. గొడుగు విప్పి, ఆరడానికి గది మూల నేలమీద పెట్టింది. రాగానే పిల్ల కంట పడాలి. ముందు దాని గురించే మాట్లాడాలి. తిట్టినట్టు ఉండకూడదు. 'కుట్టు ఎంత బావుందమ్మా, ఎన్నాళ్లు పట్టింది?' అనాలి.

నాలుగు. నాలుగూ పది.

నాలుగూ ఇరవైకి వసారాలో అడుగుల చప్పుడైంది. ఆమె లేచి నిలబడింది.

తలుపు దగ్గర ముప్ఫై ఏళ్ల మనిషి. తల మీంచి నీళ్లు కారుతున్నాయి. చేతిలో ఇక్కడ ఇచ్చే పసుపు కార్డు.

"మార్కుల మేడమ్ మీరేనా? మా చెల్లెలిది ఈ కార్డు. ఈరోజు నాలుగింటికి రమ్మనుంది."

"అవును బాబూ. తను రాలేదా?"

"పోయిందండీ. పోయిన నెల పదిహేనున. తనంతట తనే..." మిగతాది మింగేశాడు. "మీరు ఎదురుచూస్తారని వచ్చాను. మీరంటే దానికి ఇష్టం."

ఆమె కూర్చుంది. ఎలా అని అడగలేదు. ఫారంలో దానికీ ఒక గడి ఉంది. అయినా అడగలేదు.

అతనే చెప్పాడు. ఏదో ఇంటి ముచ్చట చెబుతున్నట్టే మొదలుపెట్టాడు. "ఇక్కణ్నించి వచ్చిన రోజు ఎంత సంబరపడిందో! పాసయ్యానన్నయ్యా, తక్కువ మార్కులొచ్చాయి, అంటే ఆ కిటికీల్లో ఎవరూ లేరన్నమాటే, గొడుగు కూడా కావాలనే వదిలేసొచ్చా అంది. ఎండలో గొడుగేంటే అని ఇంట్లో అంతా నవ్వేవాళ్లం కదా, అది పోయిందని మాకూ సంతోషమే. రెండు నెలలు బాగానే ఉంది. తర్వాత పనికి వెళ్లడం మానేసింది. కిటికీలు వేసేసుకునేది." అతను కార్డు అంచును గోటితో గీరుతున్నాడు. "నేను తిట్టాను మేడమ్. పాసయ్యావుగా, ఇంకా ఈ వేషాలేంటి అన్నాను."

టీ గ్లాసుతో వచ్చిన ఆయా గుమ్మంలోనే ఆగిపోయింది. గ్లాసును చప్పుడు కాకుండా కిటికీ అంచున పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి వెళ్లిపోయింది.

"మీ చెల్లెలు పాసవలేదు" అంది ఆమె. "తప్పు నాది. నేను మూడు వేయాల్సింది. రెండు వేశాను. మూడు వేసి ఉంటే ఆ రోజే డాక్టరు చూసేవారు. మందులిచ్చేవారు. మీకూ చెప్పేవారు."

అతను అర్థం చేసుకోవడానికి ప్రయత్నించాడు. ఆమె ముఖం చూసి, పెద్దావిడ బాధపడుతోందని మాత్రం తెలుసుకున్నాడు.

"ఒక్క మార్కే కదా మేడమ్" అన్నాడు ఓదార్పుగా. "ఒక్క మార్కుతో ఏమవుతుంది? మీరు మనసులో పెట్టుకోకండి."

ఆమె లేచి మూలనున్న గొడుగు తీసి అందించబోయింది. అతను చెయ్యి చాపాడు. లోపలి కుట్టు కంటపడింది. వేలితో ఒక్క వరస తడిమాడు.

"ఇది ఎప్పుడు కుట్టిందండీ?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఒకే గదిలో పడుకునేవాళ్లం" అన్నాడు. గొడుగును ఎక్కణ్నించి తీసిందో అక్కడే మళ్లీ నేలమీద పెట్టి, పసుపు కార్డు బల్ల మీద ఉంచి, వానలోకి వెళ్లిపోయాడు.

ఐదింటికి పెద్ద డాక్టర్ ఫోన్ చేసి, ఆ పిల్ల వచ్చిందా అన్నాడు. "లేదండీ" అంది. మిగతాది ఫారంలో రాసింది. వసారా చివర ఆయా గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఆమె గదికి తాళం వేసి, తడుస్తూనే బస్సు స్టాపు వైపు నడిచింది. డబ్బాలో అన్నం అలాగే ఉంది.

తెల్లారి తలుపు తీసేసరికి గచ్చు ఆరిపోయింది. గొడుగు పైగుడ్డ కూడా ఆరింది. లోపలి పొర మాత్రం, ఆ చిన్న చిన్న కుట్ల వెంట, ఇంకా తడిగానే ఉంది.