ముందద్దం మీద జిడ్డు

ఈ వానాకాలం నా ప్రాణం తోడేసింది. తెల్లవారుజామున ఐదింటికి భవానీపురంలో నలుగురు థర్మల్ స్టేషన్ ఉద్యోగుల్ని ఎక్కించుకుని కొండపల్లి దగ్గర డ్యూటీలో దింపడం నా పని. పన్నెండేళ్ళుగా అదే కారు, అదే రోడ్డు. ఈసారి మాత్రం చినుకు పడితే చాలు, ఎదురొచ్చే లారీ లైటు అద్దమంతా పరుచుకునేది. వైపరు ఒకసారి తిరిగితే చారలు, ఇంకోసారి తిరిగితే మంచు. వైపర్లు రెండుసార్లు మార్చాను. నకిలీ సరుకు అంటగట్టాడని కొట్టువాణ్ణి నలుగురిలో తిట్టాను కూడా. చారలు పోలేదు. వైపర్ల తప్పు కాకపోతే ఇక నా కళ్ళదే అయ్యుండాలి. యాభై ఏడేళ్ళొచ్చాయి. అయినా డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. ఆయన బండి నడపొద్దంటే నాకు రెండో పని చేతకాదు.

జూలైలో ఒకరోజు గుంటుపల్లి దగ్గర, సైకిలుకి పాలక్యాన్లు కట్టుకుని పోతున్న మనిషి నాకు కనపడలేదు. పక్క సీట్లో ఉన్న లక్ష్మీకాంత్ గారు అరిస్తే స్టీరింగ్ తిప్పాను. పాలాయన రోడ్డు పక్క బురదలో పడ్డాడు. దెబ్బ తగల్లేదు గానీ పాలన్నీ నేలపాలయ్యాయి. లేపబోతే నా చెయ్యి పట్టుకోలేదు.

"కళ్ళు కనపడట్లేదా?" అన్నాడు. తిట్టులా లేదు. నిజంగానే అడుగుతున్నట్టుంది.

దిగేటప్పుడు లక్ష్మీకాంత్ గారు మిగిలిన వాళ్ళని ముందు పంపించి, "జక్కయ్యగారూ, ఏమనుకోకండి. కళ్ళు చూపించుకోండి. అప్పటిదాకా మేం బస్సులో పోతాంలెండి. సోమవారానికి ఏ సంగతీ తేలకపోతే వేరే బండి చూసుకోవాల్సి వస్తది," అన్నారు. మెత్తగానే అన్నారు.

ఆ రోజే ఇంట్లో సంగతంతా చెప్పాను. మూడో రోజు కళ్ళాస్పత్రికని బయల్దేరి, పిరికితనం కొద్దీ బండిని ఆటోనగర్‌కి తిప్పాను. అక్కడ కార్ల అద్దాలు బిగించే బసవయ్య నాకు పాత పరిచయం. మూడోసారి వైపర్లు మార్చమన్నాను.

బసవయ్య మార్చలేదు. అద్దం మీద వేలితో గీసి, ఆ వేలు వాసన చూశాడు.

"రబ్బరు కొత్తదేనండీ. జిడ్డు పట్టింది అద్దానికి. వాన నీళ్ళకి ఇది పోదు, వైపరు దాన్నే అటూ ఇటూ పూస్తంది. ఎవరండీ, అద్దానికి నూనె రాస్తంది?"

అతను గిన్నెలు తోమే సబ్బునీళ్ళతో అద్దాన్ని రెండుసార్లు రుద్ది కడిగాడు. లోపలి వైపు కూడా పొగలా పట్టిన పొరని తడిగుడ్డతో తుడిచి, పాత పేపరుతో ఆరేదాకా రుద్దాడు. వైపరు రబ్బరు అంచుని గుడ్డతో పట్టి లాగితే నల్లగా వచ్చింది. నలుపు రావడం ఆగేదాకా తుడిచాడు. చివరికి మగ్గుతో నీళ్ళు పోసి వైపరు వేయమన్నాడు. ఒక్క తిప్పుకే ఎదుటి షెడ్డు మీది బోర్డు, దాని కింద చిన్నక్షరాల్లో రాసిన ఫోన్ నంబరుతో సహా కనిపించింది. నాకు ఏడుపొచ్చింది. అక్కణ్ణించి ధైర్యంగా ఆస్పత్రికి వెళితే, పేపరు చదవడానికి జోడు కావాలి గానీ దూరం చూపు బాగుందన్నారు.

నూనె రాసేది నా భార్య ఎలిజబెత్. ఈ ఎండాకాలం నుంచి, శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పాస్టరు గారు ప్రార్థించి ఇచ్చిన సీసాలోంచి వేలు ముంచి, రోజూ బండి తీసే ముందు నా ఎదుటి అద్దం మీద సిలువ గీస్తుంది. అంటిన మిగతా నూనె అరచేత్తో అక్కడే రాసేస్తుంది. కనపడట్లేదని నేను విసుక్కున్నప్పటి నుంచి ఇంకాస్త ఎక్కువ రాస్తోంది.

చెడామడా తిట్టాలనే ఇంటికి వెళ్ళాను. తను గుమ్మంలోనే ఉంది. మూడు రోజులుగా నా కళ్ళ కోసం ఉపవాసం ఉంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"డాక్టరేమన్నాడండీ?"

"బాగానే ఉన్నాయంట. వైపర్లే చెడ్డవి."

"దేవుడికి స్తోత్రం," అని గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

సోమవారం నుంచి మళ్ళీ అందరూ నా బండే ఎక్కారు. నాకు మాత్రం చాకిరీ పెరిగింది. తను సిలువ గీసి లోపలికి వెళ్ళేది. నేను వీధి మలుపు తిరిగి ఆపి, సీటు కింద దాచిన సబ్బునీళ్ళ సీసాతో అద్దం కడిగి బయల్దేరేవాణ్ణి. అసలే నిద్ర చాలని ఒళ్ళు. పైగా దొంగతనం చేసినట్టు అటూ ఇటూ చూసుకోవడం. నెల రోజులు అలాగే చేశాను.

ఒకరోజు మలుపులో దిగి చూస్తే అద్దం మీద నూనె లేదు. బెంగగా అనిపించింది. ఎందుకో నాకే తెలియలేదు. తిరిగొచ్చేసరికి ఎలిజబెత్ మంచం మీద కూర్చుని ఉంది.

"నిన్న బండి ఊడుస్తుంటే సీటు కింద సబ్బు సీసా, జిడ్డుగుడ్డ కనపడ్డాయండీ. ఆ గుడ్డ నా నూనె వాసనే," అంది. "నాకెందుకు చెప్పలా?"

"చెప్పి ఏం చేసేది?"

"ఆ పాలాయన పోయుంటే? పాపం ఎవరి మీద వేసేవాళ్ళు?"

"నా కళ్ళ మీద వేసుకునేవాణ్ణి. నీ నూనె అని నాకెప్పటికీ తెలిసేది కాదు."

తను మొహం కప్పుకుని ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను.

మర్నాడు వాన పడుతోంది. ఎలిజబెత్ గొడుగు వేసుకుని వచ్చి బండి ముందు నిలబడింది. చేతిలో సీసా లేదు. అరచెయ్యి అద్దానికి తగలనివ్వకుండా, జానెడు దూరంలో గాల్లోనే ఉంచి కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి. ఎప్పుడూ హారన్ కొట్టి తొందరపెట్టే నేను ఇంజను ఆపేశాను. తేటగా ఉన్న అద్దంలోంచి, ఆ చేతిని చూస్తూ, తను ఆమెన్ అనేదాకా కూర్చున్నాను.