నీళ్లు పట్టిన పిన్ను

ముత్యం ట్రాక్టరు కొన్న రోజు నుంచి నర్మదకు మనసు మనసులో లేదు. కొడుకు బండి తోలుకొని వాకిలి దాటితే చాలు, ఏదో ఒకటి విరిగి వాడి మీద పడ్డట్టే కళ్లకు కట్టేది. అందుకే ఎనభై ఆరు ఎండాకాలంలో, మొరం ఒంపేటప్పుడు ట్రాలీ తొట్టి పైకి లేచే వెనక కీలు పిన్ను అరిగి కటకటలాడుతుంటే, సుల్తానాబాద్ లేత్ షాపుకు కొడుకు వెంట తానూ వెళ్లింది.

షాపు నడిపే చాంద్‌పాషా పాత లారీ యాక్సిల్ ముక్కను లేత్ మీద తిప్పి పిన్ను చేశాడు. దాని చుట్టూ తొడిగే ఇత్తడి గొట్టం, బుష్, వేసిచ్చాడు.

"ఇత్తడెందుకు పాషా? అరిగిపోదా?" అంది నర్మద.

"అరగాల్ననే పెట్టిన అమ్మా. అది అరిగితే మార్చుకుంటరు, పిన్ను సల్లంగుంటది."

"ఆ పిన్నన్న నిలుస్తదా?"

"మరీ బరువైతే జర వంగుతది గని ఇరగది. ఫికర్ జెయ్యకు."

వంగుతది అన్న ఒక్క మాటే ఆమె చెవిలో మిగిలింది.

మర్నాడు ముత్యం పొలానికి పోగానే, పిన్నును కొంగులో చుట్టుకొని కమ్మరి బాలమల్లు కొలిమికి పోయింది. "కొడవలికి వట్టినట్టు దీనికీ నీళ్లు వట్టు తమ్మీ, వంగకుంట గట్టివడాలె."

బాలమల్లు పిన్నును ఎర్రగా కాల్చి నీళ్ల తొట్టిలో ముంచాడు. ఆకురాయి పెడితే గీత పడలేదు, జారిపోయింది. "మళ్ల జర కాచి మెత్తవడనియ్యాలె నర్మదక్కా. లేకుంటె పెళుసై..."

"మెత్తగెందుకురా? గట్టిగనే ఉండనియ్!"

మసి తుడిచి, నూనె రాసి ఎక్కడిదక్కడ పెట్టేసింది. సాయంత్రం ముత్యం దాన్నే బిగించుకున్నాడు.

నాలుగో రోజు మొరం ఒంపుతుండగా పిన్ను టప్పున రెండు ముక్కలైంది. వెనక తలుపు గొళ్లెం తీస్తున్న ముత్యం కుడిచేతి మీద పైకి లేచిన ట్రాలీ తొట్టి జారి పడింది. కరీంనగర్ దవాఖానలో మోచేతి కింది నుంచి చెయ్యి తీసేశారు.

చాంద్‌పాషా ఆ ముక్కలు పట్టుకొని దవాఖానకు వచ్చాడు. విరిగినచోట చక్కెర పలుకుల్లా మెరుస్తోంది. "నేనిచ్చినప్పుడు గిట్ల లేదు. ఎవరో నీళ్లు వట్టిండ్రు. నీకేమన్న ఎరుకనా అమ్మా?"

నర్మద కొడుకు కట్టు వైపు చూసింది. "నాకేం ఎరుక" అంది.

"చూసినవా అవ్వా, అబద్ధం గూడ జెప్తుండు!" ముత్యం పళ్లు కొరికాడు. "బీడు ఇనుము అంటగట్టి నా చెయ్యి తిన్నడు."

చాంద్‌పాషా ఆమె ముఖంలోకి కాసేపు చూసి, ముక్కలు మంచం కింద పెట్టి వెళ్లిపోయాడు. వానలు పడేలోగా ఆ చుట్టుపక్కల ట్రాక్టర్లు అతని షాపు ముందు ఆగడం మానేశాయి.

ఇప్పుడు ముత్యం బండి తోలడు. ఆమె కోరుకున్నట్టే కళ్ల ముందే, వాకిట్లోనే ఉంటాడు. నర్మద అన్నం కలిపి ముద్ద అందిస్తుంటే రోజూ ఒక్కసారైనా పాషాను తిడతాడు.

"ఔ బిడ్డా" అంటుంది నర్మద, ఇంకో ముద్ద కలుపుతూ.