ఇల్లరికం వచ్చిన క్రిమి

"జబ్బు నీకే అని చెప్పేసినా" అన్నాడు మహేష్, షాపు తెరవడానికి తాళాలు తీసుకుంటూ.

హిమబిందు కందిపొడికి పప్పు వేయిస్తోంది. గరిటె ఆగింది. "ఏం జబ్బు?"

"టీబీ. నువ్వే కదా గవర్నమెంటాస్పత్రిలో మాత్రలు తెస్తాండేది. చూసినోళ్లు నీకే అనుకున్యారు. నేను కాదనలే. అమ్మకని తెలిస్తే మన పొడి ఎవురు కొంటారు?"

"తిండితో వచ్చేది కాదు గదా అది. పైగా అత్త మాత్రలు మొదలుపెట్టి నెలలాయ. ఇంగ ఎవరికీ అంటుకోదని డాక్టరే చెప్పినాడు."

"డాక్టరు కొంటాడా మన పొడి?"

ఆళ్లగడ్డలో కమలాక్షమ్మ కందిపొడికి పెద్ద పేరు. రుద్రవరం నుంచి కూడా వచ్చి కొనుక్కుపోతారు. డబ్బా మీద ఆమె ఫోటో, ముక్కుపుడకతో సహా. వేయించేది, దంచేది, జల్లించేది కోడలు. పేరు మాత్రం అత్తది. ఇప్పుడు జబ్బు అత్తదైతే పేరు కోడలిదైంది. ఈ ఇంట్లో పంపకాలు ఎప్పుడూ ఇంతే.

బిందుకు ఒళ్లు మండిపోయింది. పెళ్లికి ముందు ఆమె నంద్యాలలో ఒక డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పేది. పెళ్లయ్యాక "ఆ జీతం బస్సుచార్జీలకే సరిపోతాది" అన్నాడు మహేష్. "పాఠాలు ఆ పప్పుకు చెప్పుకో పో" అంది అత్త. నిజంగానే కొన్నాళ్లు పప్పుకు చెప్పుకుంది కూడా. మళ్లీ ఇన్నేళ్లకు ప్రిన్సిపాల్ మేడమ్ వచ్చే సోమవారం నుంచి చేరమంది. ఆ మాట విన్న రోజు బిందు వంటింట్లో ఒంటరిగా నిలబడి ఏడ్చింది, అంత సంతోషమేసింది. కానీ ఆళ్లగడ్డలో అన్న మాట నంద్యాలకు బస్సు కంటే ముందు చేరుతుంది. మధ్యాహ్నానికే మేడమ్ ఫోను. "ఒంట్లో బాలేదంట గదమ్మా. జబ్బు నాది కాదని నువ్వంటే ఎట్లా నమ్మేది? మీ ఆయనే చెప్పినాడంట. మీ ఇంటోళ్లు కాదంటే చూద్దాం. సోమవారం దాకా ఆగుతా."

మహేష్‌ని బతిమాలితే "నీదేం పోయింది? షాపు పోతే అందరం పోతాం" అన్నాడు. అందరంలో తనున్నట్టు బిందుకు ఆ రోజే తెలిసింది.

ఆ సాయంత్రం కమలాక్షమ్మ మాత్రలు పక్కకు తోసింది. "దగ్గు తగ్గిపాయ. ఇంగెందుకే ఇవి?"

"క్రిమి పోలేదత్తా. మన ఒంట్లో కాపలా కణాలుంటాయి. బయటి క్రిమి ఏదొచ్చినా అమాంతం మింగి, లోపల ఆమ్లంతో కరిగిస్తాయి. ఇది మాత్రం గమ్మున మింగించుకుంటాది. లోపలికి పోయినాక ఆ ఆమ్లం తన దగ్గరికి రాకుండా అడ్డం పెట్టుకుంటాది. ఇంగ ఆ కణంలోనే ఉండి, దాని కొవ్వే తింటా కాపురం చేస్తాది."

కమలాక్షమ్మ నోరు తెరిచింది. "ఇల్లరికం అల్లుడా ఏందీ! మన ఉమామహేశ్వరమ్మ అల్లుడు గూడా అంతే. ఆ ఇంటి నెయ్యి తింటా ఆయమ్మనే అరుస్తాడు."

"ఆ అల్లుడే. దగ్గు తగ్గిందంటే నిద్రపోయినాడనే. ఊరికి పోలేదు. డాక్టరు చాలనేదాకా మాత్రలు ఆపకూడదు."

అల్లుణ్ణి తిట్టుకుంటూ అత్త మాత్రలు మింగింది. బిందు మాత్రం ఆలోచనలో పడింది. ఎదిరించకుండా మింగించుకోవడం, లోపలికి పోయాక మాత్రం అరగకపోవడం. ఇంత మంచి ఉపాయాన్ని పిల్లలకు పాఠంగా చెప్పిందే గానీ, తనెప్పుడూ వాడుకోలేదు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయింది.

మర్నాడు ఆమె మంచం దిగలేదు. మూతికి మాస్కు, కిటికీ పక్కన మంచం, వేరే కంచం, వేరే గ్లాసు. ఎదురింటి ఉమామహేశ్వరమ్మ చూడవచ్చి వాకిట్లోంచే కేకేసింది. "ఏమప్పా మహేషా, ఆ పిల్లను పొయ్యి దిక్కుకు రానీయొద్దు!" కాదనడానికి లేదు. "రానీయంలే పెద్దమ్మా" అన్నాడు మహేష్.

"అత్తకు గూడా రెస్టు కావాల. పని మీరు చేయండి" అని బిందు మొగుడికి రహస్యంగా చెప్పింది. కమలాక్షమ్మ విని భగ్గుమంది. "మగపిల్లోడు గరిటె పడతాడా? నేను సచ్చినాననుకున్యారా?" అని తనే కొంగు బిగించింది. తన పేరుతో ఊరూరికీ పోతున్న పొడిని ఎన్నో ఏళ్ల తర్వాత తన చేత్తో వేయించింది. మొదటి వాయి మాడింది. రెండోది పచ్చిగా మిగిలింది. "ఈ పొడికి ఇంత చాకిరీ ఉందా?" అని ఎవరినీ చూడకుండా అంది. కిటికీ దగ్గర బిందు పాత నోట్సు తిరగేస్తూ గ్లాసుడు పాలు తాగుతోంది.

ఆదివారం ఉదయం షాపులో బేరం జోరుగా ఉంది. ఇంటి తలుపు షాపులోకే తెరుచుకుంటుంది. ఆ తలుపు తోసుకుని జుట్టు నిండా పొడితో కమలాక్షమ్మ ఊడిపడింది.

"జబ్బు నాకు! దానికేం రోగం? రాయి మాదిరి ఉంది. మాత్రలు మింగుతాండేది నేను. అందరూ వింటాండారు గదా? నా చేతగాదు ఇంగ, నేను పండుకుంటా!"

మహేష్ కడుతున్న పొట్లం కింద పెట్టేశాడు. బేరానికొచ్చిన ఉమామహేశ్వరమ్మే ముందుగా అందుకుంది. "దానికింత అరుపెందుకు కమలాక్షీ? పోయిన సంవత్సరం నేనూ మింగినా ఆ మాత్రలు, అల్లునికి తెలీకుండా నంద్యాలలో తెచ్చుకోని. మహేషా, అరకేజీ కట్టప్పా. మాడిన వాయి వద్దు."

బిందు మాస్కు తీసేసి అత్తను తన మంచం మీద పడుకోబెట్టి, కాళ్లు ఒత్తింది. ఆమె మీద జాలి నిజంగానే వేసింది. తర్వాత షాపులోకొచ్చి నంద్యాలకు ఫోను కలిపి, స్పీకరు పెట్టి మొగుడి చేతికిచ్చింది. అందరి కళ్ల ముందూ మహేష్ నీళ్లు నమిలి, "జబ్బు మా అమ్మకు మేడమ్, ఈమెకేం లేదు" అన్నాడు. "అట్లయితే రేపే వచ్చి చేరమను" అంది మేడమ్.

ఫోను పెట్టేశాక అతను గొంతు తగ్గించి అడిగాడు. "మరి రేప్పొద్దున వంట?"

"అత్తకు జబ్బు. నాకు బస్సు. మీరు షాపు తెరిచేది తొమ్మిదింటికి గదా, అన్నం అంతసేపు ఉడకదులే."