దేవదానం టైపు నేర్చుకున్న సంగతి

1979 వేసవిలో దేవదానానికి మెదడువాపు జ్వరం వచ్చింది. ఆళ్లగడ్డ దగ్గరి పల్లెలో లెక్కల అయ్యవారతను. ప్రాణమైతే దక్కింది గానీ, ఆ తర్వాత చూసిందీ విన్నదీ ఏదీ మనసులో నిలవకుండా పోయింది. పాత సంగతులు అడిగితే చెబుతాడు. పొద్దున ఏం తిన్నావంటే మాత్రం బిత్తరపోతాడు. పది నిమిషాల కింద వచ్చిపోయిన మనిషికే మళ్లీ కొత్తగా దండం పెడతాడు.

అతని చెల్లెలు సలోమి ఆళ్లగడ్డలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేది. అన్నను ఇంట్లో ఒంటరిగా వదల్లేక వెంట తీసుకుపోయేది. అక్కడా అతను ఊరకే గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. ఒకరోజు పాత ఇంగ్లీషు టైపు మిషను ముందు కూర్చోబెట్టి, వేళ్లెట్లా పెట్టాలో చూపించింది.

మర్నాడు అదే మిషను చూసి అతను చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ఇది నాకు రాదు మే. ఎప్పుడూ ముట్టుకోనే లేదు."

"పోనీ, ఈ పొద్దు ముట్టుకో అన్నా."

రోజూ అదే మాట, రోజూ మొదటి పాఠమే. కొట్టిన కాగితాలకు తేదీ వేసి సలోమి దాచిపెట్టేది. రెండు నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం, వెనక నుంచి తడబాటు లేని టైపు చప్పుడు వినబడి తిరిగి చూసింది. అన్న! కళ్లు పుస్తకం మీద ఉన్నాయి. వేళ్లు వాటంతటవే పోతున్నాయి.

ఆమె లేచివెళ్లి, అతని చేతుల మీదుగా మీటలకు తువ్వాలు కప్పింది.

"ఎం అక్షరం యాడుందన్నా?"

"నాకేం తెలుసు? రాదని చెప్తాండా గదా!"

"సరే, మద్రాస్ అని కొట్టు."

తువ్వాలు కింద చేతులు కదిలాయి. కాగితం మీద ఒక్క తప్పు లేకుండా మద్రాస్ అని పడింది. సలోమి దాచిన కాగితాలన్నీ బయటికి తీసింది.

ఆ వారమే ఇద్దరూ నంద్యాల బస్సెక్కారు. జ్వరానికి వైద్యం చేసిన డాక్టరు లక్ష్మీనారాయణ కాగితాలన్నీ బల్ల మీద పరిచాడు. మొదటి దాంట్లో నలభై తప్పులు, చివరి దాంట్లో రెండు.

"జరిగిన సంగతుల్ని దాచుకునే చోటు జ్వరానికి పాడైందమ్మా. చేతిపని నేర్చుకునే చోటు వేరే, అది బాగుంది" అన్నాడు. "మెదడులో కోట్ల కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి. ఒకే పని పదేపదే చేస్తే, ఆ కబురు దాటే అతుకులు గట్టిపడతాయని చెబుతున్నారు. చదువంటే గాలిలో ఉండేది కాదు, ఒంట్లో జరిగే మార్పు."

"అయితే ఇన్ని దినాలూ నేర్చుకునిందెవురు సార్?" అడిగాడు దేవదానం.

డాక్టరు చివరి కాగితాన్ని అతని ముందుకు జరిపాడు. "నువ్వేనప్పా. నీకు తెలీకుండానే."

తిరుగు బస్సులో అన్న కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. సలోమి ఆ తలనే చూస్తూ కూర్చుంది. తను చెప్పిన పాఠాలు కంటికి ఆననంత సన్నగా, నిజంగానే, ఆ ఎముక వెనక ఉన్నాయి. పక్క సీట్లోని దొర్నిపాడు ఊరి మనిషెవరో పలకరించినా ఆమెకు వినబడలేదు.

మరుసటేడు నంద్యాలలో టైపు లోయరు పరీక్ష.

"ఈడికెందుకొచ్చినాం మే? నాకు టైపు రాదే!"

"రాకపోతే పాయె. ముందున్న కాగితం చూసి కొట్టు."

పాసయ్యాడు. సర్టిఫికెట్ వచ్చిన రోజు దాని మీది తన పేరును చాలాసేపు చూశాడు. తర్వాత చేత్తో తల తడుముకున్నాడు.

"దీంట్లో ఇంకేమేముండాయో?"

సలోమి లేచింది. అతను ఇంతవరకు ముట్టని తెలుగు మిషను మీది గుడ్డ తీసి, అతనికి కుర్చీ జరిపింది.