పిలార్ గారికి ఇంకో ప్రశ్న

స్పానిష్ నేర్చుకోమన్నది మా ఓనరు జయరావు గారే. 2005లో మెక్సికో వాళ్ళెవరో మన గుంటూరు మిరపకాయలు కొంటామన్నారు. వాళ్ళకి ఉత్తరాలు రాసే పని నాదన్నారు. రెండు నెలలు తిరక్కుండానే ఆ బేరం చెడింది.

"గుల్షన్, ఆ స్పానిష్ గొడవ ఇక వదిలెయ్యమ్మా. వాళ్ళు చైనా కాయ కొనుక్కుంటున్నారంట," అన్నారాయన.

నేను వదల్లేదు. మొండిదాన్ని. ఆఫీసయ్యాక అరండల్‌పేట నెట్ సెంటర్లో కూర్చుని, స్పెయిన్‌లో ఉండే పిలార్ అనే రిటైరైన టీచరుకి ప్రశ్నలు పంపేదాన్ని. ఆవిడ ఒక సైటులో కొత్తగా నేర్చుకునేవాళ్ళ సందేహాలు తీర్చేవారు. ఆ సైటుకో రూలుంది. వ్యాకరణం తప్ప వేరే కబుర్లు రాస్తే తీసేస్తారు. 'ఉండటం' అన్నదానికి మీకు రెండు క్రియలెందుకు? మీ భాషలో బల్ల ఆడదెట్లా అయింది? అన్నిటికీ ఓపిగ్గా జవాబిచ్చేవారు. ఒకసారి దిద్దిన తప్పు నేను మళ్ళీ చేసేదాన్ని కాదు.

ఆ ఎండాకాలం అమ్మ పోయింది. నలభయ్యోరోజు ఫాతెహా దాకా ఇంటినిండా చుట్టాలే. బిర్యానీ గిన్నెలు కడిగి బోర్లించాక అందరూ పిడుగురాళ్ల బస్సెక్కారు. మర్నాటినుంచి తలుపు తట్టినవాళ్ళు లేరు. ఆఫీసులో మాటలన్నీ బస్తాల గురించే. ఇంటికి వెళ్ళాలంటే భయమేసేది.

అప్పట్నుంచి జవాబు తెలిసిన ప్రశ్నలే అడగడం మొదలుపెట్టాను. ప్రశ్న దొంగది, ఉదాహరణ మాత్రం నాది. "మా అమ్మ చనిపోయింది" అని రాసి, ఇక్కడ ఏ భూతకాలం వాడాలని అడిగాను. రెండు భూతకాలాలకీ తేడా విడమర్చి రాశారు పిలార్ గారు. "ఒక్కదాన్నే అన్నం తింటున్నాను" అని పంపితే, ఆడవాళ్ళు చెప్పేటప్పుడు ఆ మాట ఎలా మారుతుందో బాగా పట్టుకున్నావని మెచ్చుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇంతకన్నా ఎట్లా చెప్పను?

చివరికి దాపరికం మానేశాను. "సాయంత్రమైతే నాతో మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. ఈ వాక్యం సరేనా?"

రెండు రోజులు ఎదురుచూశాక జవాబొచ్చింది. "ఒక్క తప్పూ లేదు. చాలా సంతోషం గుల్షన్, ఇక నీకు నా అవసరం లేదు."

పక్క కేబిన్లో ఎవరో ఆట ఆడుకుంటూ నవ్వుతున్నారు. చాలాసేపు ఆ రెండు ముక్కలే చదువుకున్నాను. తర్వాత, చిన్నపిల్లలు కూడా చెయ్యని తప్పులు ఏరేరి ఒకే వాక్యంలో కుక్కి, ఆవిడకి పంపాను.