పొడుగు కాడ దువ్వెన

భార్య కుడిచేతిని గోరువెచ్చటి నీళ్ళలోంచి తీసి, తువ్వాలుతో అద్ది, ఆయన ఒక్కో వేలునూ మెల్లగా సాగదీస్తున్నాడు. కీళ్ళవాతం ఆ వేళ్ళన్నిటినీ ఒక పక్కకు ఒరగదోసింది. కణుపులు గోళీల్లా ఉబ్బాయి. రోజూ పొద్దున్నే ఇదే పని. ఇవాళ అది కాగానే దిండు కింద దాచిన దువ్వెన తీసి ఆమె చేతికిచ్చాడు. మామూలు చెక్క దువ్వెనకే అల్యూమినియం కడ్డీతో పొడుగు కాడ బిగించి, పట్టు జారకుండా గుడ్డ చుట్టాడు.

భుజం పట్టేసినప్పటి నుంచీ ఆమె తల దువ్వేది ఆయనే. ఆయన వేసిన జడ ఎప్పుడూ ఎడమ పక్కకే పోయేది. ఆమె వంక పెట్టేది కాదు గానీ, ఒకరోజు ఉండబట్టలేక అనేసింది: "అన్నం తినిపించండి, బట్టలు తొడగండి, దేనికీ ఏమీ అనుకోను. తల మాత్రం ఒక్కసారి నా చేత్తో నేను దువ్వుకోవాలనుందండీ."

ఇప్పుడు దువ్వెన పట్టుకుని చెయ్యి ఎత్తబోయింది. మోచెయ్యి పక్కటెముకలను వదిలి రాలేదు. దువ్వెన చెవి దగ్గరే ఆగిపోయింది.

"కొలత ఎవరికి తీశారు?"

ఆయన నాలుక కరుచుకున్నాడు. "పెద్దాయనకి."

పెద్దాయన అంటే, ఆయన పనిచేసే వైద్య కళాశాలలో కొక్కేనికి వేలాడే అస్థిపంజరం. ఆమె పడీ పడీ నవ్వింది. "ఆయనకేం! భుజం గిర్రున తిరుగుతుంది. నెత్తి మీద ఒక్క వెంట్రుకైనా లేని మనిషికి దువ్వెన చేసిపెట్టారా?"

ఆయన కూడా నవ్వేసి, జడ వేద్దామని పాత దువ్వెన తీశాడు. ఆమె తల పక్కకు తిప్పుకుంది. "ఉండనివ్వండి. దాన్ని సరిచేసి తీసుకురండి. సాయంత్రం నేనే దువ్వుకుంటా."

ఆమెను విరబోసిన జుట్టుతో వదిలి ఆయన పనికి వెళ్ళడం అదే మొదటిసారి.

కళాశాలలో ఎముకలను రాగితీగతో కూర్చడం ఆయన ఉద్యోగం. విద్యార్థులు తీగల బాబాయ్ అంటారు. మోకాలు తలుపు బందులా మడవాలి, భుజం గిన్నెలో బంతిలా తిరగాలి. తీగ మరీ బిగిస్తే కీలు కదలదు, వదిలేస్తే చెయ్యి ఊడి చేతికొస్తుంది. ఎన్నో భుజాలు ఆ చేతుల్లో సాఫీగా తిరిగాయి. ఇంట్లో ఉన్న ఒక్క భుజం మాత్రం ఆయన మాట వినలేదు.

మధ్యాహ్నం ఒక గుడ్డపీలికతో తన కుడి చేతిని భుజం నుంచి మోచేతి దాకా ఒంటికేసి గట్టిగా కట్టేసుకున్నాడు. మోచెయ్యి మడిచి, దువ్వెన నెత్తిని అందేదాకా కాడను కొడవలిలా వంచుతూ పోయాడు. అదే గదిలో అవతలి పక్క పాఠం చెబుతున్న మేడం పెద్దాయన చేతిని పైకెత్తి చూపించింది. "ఒంట్లో ఇంత స్వేచ్ఛగా తిరిగే కీలు ఇంకోటి లేదు." ఆయన కాడను ఇంకాస్త వంచాడు.

మేడం ఆయన వైపు చూసింది. "చేతికేమైంది బాబాయ్?"

"నాకేం కాలేదు మేడం. ఇది మా ఆవిడ చెయ్యి."

విద్యార్థులు గొల్లుమన్నారు. మేడం నవ్వలేదు.

సాయంత్రం ఆయన ఇంటికి నడవలేదు, దాదాపు పరిగెత్తాడు. గుమ్మంలో పక్కింటావిడ టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది.

"ఇప్పుడే టీ తెచ్చానన్నయ్యా. నిద్రపోతోందనుకున్నా... ఒళ్ళు చల్లగా ఉంది. మధ్యాహ్నం కూడా బాగానే మాట్లాడింది. తల దువ్వుతానంటే ఒప్పుకోలేదు. మా ఆయన దువ్వెన తెస్తున్నారు, ఎవ్వరూ ముట్టుకోవద్దంది."

ఆమె కిటికీ పక్క కుర్చీలో, పొద్దున వదిలి వెళ్ళిన జుట్టుతోనే ఉంది. ఆయన పక్కన కూలబడి, అలవాటుగా కుడిచెయ్యి తీసుకుని ఒక్కో వేలునూ సాగదీశాడు. రోజూ చిటికెన వేలు దగ్గర 'అబ్బా' అనేది. ఇవాళ అనలేదు.

కాడను ఆ వేళ్ళ మధ్య ఉంచి, తన చేత్తో మూసి, మోచెయ్యి మడిచాడు. దువ్వెన సరిగ్గా నడినెత్తి మీదకు వచ్చి ఆగింది. కొలత సరిపోయింది. అప్పుడు ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

దువ్వడానికి మాత్రం చెయ్యి రాలేదు. అది ఆమె చేసుకోవాలనుకున్న పని. కొత్తది కిటికీ గట్టు మీద పెట్టి, పాత దువ్వెన తెచ్చి, చిక్కు తీసి జడ వేశాడు. జడ ఎడమ పక్కకే పోయింది. కొత్త దువ్వెన కిటికీ గట్టు మీదే ఉంది, పళ్ళ మధ్య ఒక్క వెంట్రుకైనా లేకుండా.